బాటి అని రాస్తే తప్పెట్లయితది?

రామారెడ్డి మండలంలో ఒక తండా బడి. మూడో తరగతి. చదవడం, రాయడం పరీక్ష రోజు. కాగితం మీద మూడు బొమ్మలున్నాయి: రొట్టె, నీళ్ల గ్లాసు, ఇల్లు. బొమ్మ చూసి కింద గీత మీద పేరు రాయాలి. మా బిడ్డ ఒకతి తల వంచుకుని, నాలుక పెదవుల మధ్య పెట్టుకుని, పెన్సిలు గట్టిగా ఒత్తి మూడూ రాసింది. బాటి. పాణి. ఘర్.

మూడింటికీ సున్నా.

ఆ మాటల్లో ఒక్క అక్షరం తప్పు లేదు. దీర్ఘం దీర్ఘంగానే ఉంది. గుడి గుడిగానే ఉంది. పట్నం పిల్లలు కూడా 'గ' రాయాలో 'ఘ' రాయాలో తేల్చుకోలేక తికమకపడే చోట మా పిల్ల తడబడలేదు. ఎందుకంటే 'ఘ' ఆమెకు పుస్తకంలో అక్షరం కాదు, ఇంట్లో రోజూ పలికే శబ్దం. చెవితో విన్నదాన్ని చేత్తో అక్షరాల్లో పెట్టడమే కదా రాయడమంటే! ఆ పని ఆమె చేసింది. అయినా రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'రాయలేదు' అన్న గడిలో టిక్కు పడింది.

ఆ టిక్కు పెట్టింది ఎవరో పై నుంచి వచ్చిన అధికారి కాదు. మేమే. తండాలో పుట్టి, యాడి నోట గోర్ బోలీ విని, డీఎడ్ చదివి, సర్కారు బడిలో పంతుళ్లమైన మేమే. జవాబుల కాగితంలో 'రొట్టె' అని ఉంది. మేం 'తప్పు' అని దిద్దినం.

అదే రోజు, అదే తరగతిలో ఒక పిల్లగాడు చదవడం పరీక్షకు లేచిండు. పేరాలో సంక్రాంతి ముగ్గులు, గొబ్బెమ్మలు ఉన్నాయి. వాడు ఎక్కడా ఆగకుండా చదివిండు. వత్తులు కూడా బాగా పలికిండు. 'ధారాళంగా చదువుతాడు' అన్న గడిలో టిక్కు పెట్టినం. కాగితం మడిచాక ఊరికే అడిగినం, "గొబ్బెమ్మ అంటే ఏంది బిడ్డా?" అని. వాడు కొంచెం ఆలోచించి, "ఒక అమ్మ సార్" అన్నడు. తీజ్‌కు బుట్టల్లో గోధుమ నారు పోసి తొమ్మిది రోజులు నీళ్లు పోసే తండా పిల్లగాడు వాడు. గొబ్బెమ్మ మొహం వాడెప్పుడు చూసిండు?

ఇదీ సంగతి. రాయగలిగిన పిల్ల రాయలేనిదైంది. అర్థం కాకుండా చదివిన పిల్లగాడు చదివినోడైండు. ఆ రెండు టిక్కులూ మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి హైదరాబాదుకు పోయినయి. మా తండా పిల్లల చదువు గురించి అక్కడ మాట్లాడేవాళ్లంతా ఆ టిక్కుల మీదే మాట్లాడుతున్నరు.

పరీక్ష వద్దని మేం అనడం లేదు. ఈ మాట మొదలే చెప్పాలి. పరీక్ష లేకపోతే అయిదో తరగతి దాటినా అక్షరం రాని తండా బిడ్డ ఎవరికీ కనబడడు. అసలే మమ్మల్ని చూడని లోకం ఇది. మా లెక్కలు తీయొద్దంటే మాకే నష్టం. మేం అనేది వేరు. ఈ పరీక్ష చదువును కొలుస్తలేదు, తెలుగును కొలుస్తున్నది. కొలిచేది తెలుగు, పేరు మాత్రం చదువు. ఈ రెంటినీ కలిపి చూసినంతకాలం, తండా పిల్లలు మందబుద్ధులన్న పాత నిందకు మనమే ప్రతి ఏడూ కొత్త లెక్కలు పుట్టించి ఇస్తున్నట్టు.

చదవడమంటే రెండు పనులు. గుర్తును చూసి శబ్దం చేయడం ఒకటి. ఆ శబ్దం నుంచి అర్థం తీసుకోవడం రెండోది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు రెండో పని బడికి రాకముందే అయిదేళ్లు సాగి ఉంటది. బడి ఆమెకు మొదటి పని నేర్పితే చాలు. తండా పిల్లకు బడి రెండు పనులూ నేర్పాలి. కానీ మొదటిది మాత్రమే నేర్పి రెండింటికీ పరీక్ష పెడుతున్నది. పైగా పుస్తకంలో ఉండే తెలుగు పక్క ఊరి తెలుగు కూడా కాదు. రామారెడ్డి అంగడిలో మక్కలు అంటరు, పుస్తకంలో మొక్కజొన్న. ఊరి పిల్లకు అది ఒక్క మెట్టు. మా పిల్లకు రెండు మెట్లు. పందెం మాత్రం ఒకే గీత నుంచి మొదలు.

ఇక పరీక్షకు మనం పిల్లల్ని ఎట్ల తయారు చేస్తున్నమో చూద్దాం. దాచుకోవడం దేనికి?

2022లో 'తొలిమెట్టు' వచ్చింది. ఒకటి నుంచి అయిదు దాకా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నరు. కేంద్రం 2021లో ప్రకటించిన 'నిపుణ్ భారత్' కూడా అదే అన్నది, 2026–27ను గడువుగా పెట్టింది. ఆశయం మంచిదే. బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అని మూడు కొలతలు పెట్టిన్రు. మొదటి కొలతకన్నా చివరి కొలత పెరగాలి. పెరగకపోతే కాంప్లెక్స్ సమావేశంలో లేచి నిలబడి జవాబు చెప్పాలి. దాంతో ఏమైంది? చదువుకన్నా ముందు అంకెలు పెరగడం నేర్చుకున్నయి.

పరీక్షకు రెండు నెలల ముందు పాత కాగితాలు జిరాక్సు తీస్తం. అవే పేరాలు మళ్లీ మళ్లీ చదివిస్తం. పిల్లలు కంఠతా పట్టి, కాగితం తలకిందులుగా ఇచ్చినా చదివేస్తరు. 'వచ్చేటోళ్లు, కొంచెం వచ్చేటోళ్లు, రానోళ్లు' అని మూడు గుంపులు చేస్తం. మధ్య గుంపును పైకి తోస్తే అంకె పెరుగుతది కాబట్టి మన శ్రమంతా వాళ్ల మీదే. మూడో గుంపు గోడ పక్కన కూర్చుని పలక మీద 'అ ఆ' దిద్దుతుంటది. పరీక్ష రోజు ఆ గుంపులో ఒకరిద్దరు రాకపోతే మనం లోలోపల ఊపిరి పీల్చుకుంటం. ఈ మాట చదువుతున్న పంతుళ్లు మనసు మీద చెయ్యి పెట్టుకుని చెప్పాలె, అబద్ధమా?

ఆ మూడో గుంపులో ఎవరుంటరు? చెరకు నరకడానికి పోయిన తల్లిదండ్రుల వెంట దీపావళి తర్వాత పోయి, ఎండలు ముదిరినంక తిరిగొచ్చే పిల్లలుంటరు. అవ్వ దగ్గర వదిలిపెట్టిన పిల్లలుంటరు. జాతీయ సాధన సర్వే 2021లో నవంబరు 12న జరిగింది. 2024లో 'పరఖ్' సర్వే డిసెంబరు 4న జరిగింది. రెండూ మా తండాల్లో గుడిసెలకు తాళాలు పడే కాలంలోనే. మా పిల్లలు బడిలో ఉన్న కాలం వాళ్లకు కనబడదు. మా పిల్లలు లేని రోజు తీసిన లెక్క మాత్రం మా లెక్క అయితది.

డీఎడ్ చదివే రోజుల్లో మేమంతా 'మాతృభాషలో బోధన' మీద నాలుగేసి పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నోళ్లమే. తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలని రాసినం. బడిలో అడుగు పెట్టిన మొదటి రోజే తండా పిల్లలతో "తెలుగులో మాట్లాడుండ్రి" అన్నం. మా చిన్నప్పుడు మా సార్లు మమ్మల్ని అన్న మాటే అది. మాకు తగిలిన దెబ్బే మా చేతుల మీదుగా మా పిల్లలకు తగులుతున్నది.

చట్టాలు లేవా అంటే, ఉన్నయి. రాజ్యాంగంలో 350ఏ అధికరణం 1956 నుంచి ఉన్నది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు తగిన వసతులు కల్పించాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే చెప్పాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఇంటిభాష గురించి మరింత గట్టిగా మాట్లాడింది. మూడు కాగితాలూ మా పక్షమే. కానీ చట్టంలోని 'వీలైనంత వరకు' అన్న ముక్క సందులోంచి మా భాష మొత్తం జారిపోయింది.

అసలు మా భాష భాషగానే లెక్కకు రాలేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 32 లక్షల 76 వేల పైచిలుకు. ఆ లెక్కను ఏ గంపలో పోసిన్రో తెలుసా? హిందీ గంపలో. గాంధారి తండాలో అవ్వను పిలిచి "నువ్వు హిందీ మనిషివట" అని చెప్పి చూడండి. నవ్వుతదో, తిడతదో.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశమంతటా మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి చూసింది. 20 భాషల్లో ఆ పరీక్ష జరిగింది. వాటిలో తెలుగు, హిందీలతో పాటు ఖాసీ, గారో, మిజో కూడా ఉన్నయి. చాలా సంతోషం. ఆ గిరిజన బిడ్డలు తమ భాషలో చదివి చూపించిన్రు. 2011 లెక్కల ప్రకారం ఖాసీ మాట్లాడేవాళ్లు 14 లక్షల చిల్లర, గారో 11 లక్షల చిల్లర, మిజో 8 లక్షల చిల్లర. వీటిలో ఏ ఒక్కదానితో పోల్చినా లంబాడీ మాట్లాడేవాళ్లు రెట్టింపుకన్నా ఎక్కువ. మరి మా పిల్లలకు ఆ అవకాశం ఎందుకు లేదు? జనం చాలక కాదు. వాళ్లకు రాష్ట్రాలున్నయి, మేం రాష్ట్రాల మధ్య చెదిరి ఉన్నం. ఉట్నూరు గోండు పిల్లలదీ, కొలాం పిల్లలదీ, భద్రాచలం మన్యంలో కోయ పిల్లలదీ ఇదే కథ.

చేతకాదా అంటే, ఒకసారి చేసి చూపించిన పనే ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారైనయి. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, వాటితో పాటు బంజారా. లిపి తెలుగు లిపే. ఒకటో తరగతిలో ఇంటిభాష, ఆ తర్వాత మెల్లగా తెలుగు. ఇవాళ మా తండా బిడ్డ సంచిలో ఆ వాచకం లేదు. 2022–23 నుంచి ఇంగ్లిషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు. ఇంగ్లిషు రాని పిల్ల తెలుగు పేజీ చూసి అర్థం చేసుకోవాలని ఆలోచన. మరి తెలుగు కూడా రాని పిల్ల ఏ పేజీ చూడాలె? రెండు పేజీలకూ బయట నిలబడ్డ పిల్ల మాది.

ఇక్కడ మనవాళ్లే మనల్ని అడుగుతరు. తండాలో తండ్రులు అడుగుతరు: "సార్, మా మాట మాకు ఇంట్లోనే వస్తది గదా! బడికి పంపేది తెలుగు, ఇంగ్లిషు నేర్వనీకి. మీరు మా పిల్లల్ని మళ్లీ తండాలనే ఉంచుతరా?" ఆ ప్రశ్నలో బాధ ఉంది. తెలుగు రాక బ్యాంకులో, దవాఖానలో, తాసీల్దారు ఆఫీసులో తలవంచుకున్న బాధ అది. దానికి ఎదురు చెప్పేంత పొగరు మాకు లేదు. మేం చెప్పే జవాబు ఒక్కటే. తెలుగు, ఇంగ్లిషు బాగా రావాలనే మేమూ అడుగుతున్నం. ఆ గట్టుకు చేరడానికి పిల్ల మొదట కాలు పెట్టేది తను నిలబడ్డ నేల మీద నుంచే.

నైజీరియాలో 1970లో ఇఫే అనే పట్నంలో ఈ సంగతినే పరీక్షించి చూసిన్రు. కొందరు పిల్లలకు ఆరేళ్ల ప్రాథమిక చదువంతా ఇంటిభాష యోరుబాలో చెప్పి, ఇంగ్లిషును ఒక పాఠంగా నేర్పిన్రు. మిగతావాళ్లకు అక్కడి మామూలు పద్ధతిలో మూడేళ్ల తర్వాత ఇంగ్లిషు మీడియం. చివరికి యోరుబాలో చదివిన పిల్లలే ముందున్నరు, ఇంగ్లిషులో కూడా. న్యూజిలాండ్‌లో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే పంతులమ్మ మావోరీ పిల్లలకు అచ్చు పుస్తకంతో మొదలుపెట్టలేదు. "నీకు ఏ మాట కావాలె?" అని ఒక్కొక్కరినీ అడిగి, వాళ్లు చెప్పిన మాటను అట్ట ముక్క మీద రాసి ఇచ్చింది. 1963లో వచ్చిన 'టీచర్' అనే పుస్తకంలో ఆ అనుభవమంతా రాసింది. ఆ పనికి బడ్జెటు అక్కర్లేదు. అట్ట ముక్కలు మన దగ్గరా ఉన్నయి.

కాబట్టి పంతుళ్లకు మా మాట. పరీక్షకు తయారు చేద్దాం, కానీ ఇట్ల చేద్దాం.

జూన్‌లో బడి తెరవగానే పిల్లల నోటి నుంచి మాటలు తీసుకుందాం. యాడి, బాటి, పాణి. ఈ మూడు మాటల్లో ఎన్ని అక్షరాలున్నయో చూడండి: య, డ, బ, ట, ప, ణ. ఆరు హల్లులు. పైన దీర్ఘం, గుడి. మూడూ పిల్లకు అర్థం తెలిసిన మాటలే కాబట్టి ఆమె మనసంతా అక్షరం మీదే ఉంటది. ఆ అక్షరాలు పట్టుబడ్డాక అవే అక్షరాలతో తెలుగు మాటలు రాద్దాం: బడి, పాట, బాట, పాడి. కొత్త అక్షరం ఒక్కటి లేదు. కొత్తది అర్థం మాత్రమే. బడిని చూపించి, పాట పాడి, బాట మీద నడిపించి ఆ అర్థం చెప్పొచ్చు. ఒకసారికి ఒక్క బరువే మోపుదాం. ఇప్పుడు మనం రెండు బరువులూ ఒకేసారి పెట్టి, పిల్ల నడుస్తలేదని పిల్లనే తిడుతున్నం.

అచ్చు పేరా చదివించే ముందు అందులోని తెలుగు మాటలు నోటితో నేర్పుదాం. చదివిన తర్వాత "ఏం జరిగింది?" అని అడిగి, జవాబు గోర్ బోలీలో చెప్పినా ఒప్పుకుందాం. అర్థమైందా లేదా అన్నది అప్పుడే తెలుస్తది. కంఠతా పట్టించిన పేరా పక్కన పెట్టి, వారానికొకటి కొత్త పేరా ఇద్దాం. అప్పుడే పరీక్ష రోజు తెలియని కాగితం చూసి పిల్ల బెదరదు.

మన సొంత నోటుబుక్కులో ప్రతి పిల్లకు రెండు గడులు పెడదాం. అక్షరం చదువుతదా, రాస్తదా అన్నది ఒక గడి. తెలుగు ఎంత అర్థమవుతున్నది అన్నది రెండో గడి. బాటి అని రాసిన పిల్లకు మొదటి గడి నిండుతది, రెండోది ఖాళీగా ఉంటది. గొబ్బెమ్మ చదివిన పిల్లగాడికీ అంతే. ఇద్దరికీ కావలసింది ఒకటే అని అప్పుడు మనకు కనబడుతది: తెలుగు మాటలకు అర్థాలు. అంతేగానీ మళ్లీ 'అ ఆ' దిద్దించడం కాదు.

తండా మాట రాని సార్లు, మేడంలు చాలామంది ఉన్నరు. వాళ్లను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. మాట రాకపోతే పిల్లల్నే అడగండి. "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ రోజు పిల్ల పంతులైతది, మీరు విద్యార్థి అయితరు. ఆ పిల్ల మరునాడు బడి మానదు.

ఇక అధికారులకు మా అడుగుడు. బొమ్మ చూసి పేరు రాయమన్న చోట పిల్ల తన ఇంటి మాట రాస్తే దాన్ని రాతగా లెక్కించాలె. పరీక్ష కాగితంలోనే ఆ రెండు గడులు పెట్టాలె. మూడో తరగతి దాకా చదవడం పరీక్షకు లంబాడీ, గోండి, కోయ, కొలామి పేరాలు తెలుగు లిపిలో తయారు చేయాలె. వలస పోయిన పిల్లలను తిరిగొచ్చాక విడిగా కొలవాలె. అంకె పెరగలేదని పంతులును నిలబెట్టి అడిగే ముందు, అబద్ధపు అంకెను మెచ్చుకోవడం మానాలె. అంకె తక్కువైన బడికి మందలింపు కాదు, మనిషిని పంపాలె.

తండాల్లో ఇంటరు, డిగ్రీ చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2018లో మన తండాలు గ్రామ పంచాయతీలైనయి. సర్పంచ్ కుర్చీ మన దగ్గరికొచ్చింది. కానీ బడి గోడ మీద మన మాట ఒక్కటి లేదు. అవ్వల దగ్గర కూర్చుని మాటలు, కథలు, పొడుపుకథలు తెలుగు అక్షరాల్లో రాసుకురండి. నూరు మాటలు పోగైతే ఒక గోడకు సరిపోతయి. పది కథలైతే ఒక చిన్న పుస్తకం. ఎవరో అచ్చు వేసి పంపుతరని ఎదురుచూస్తే ఇంకొక తరం గోడ పక్కన కూర్చుని 'అ ఆ' దిద్దుతది.

మేం మొదటిగా చేసిన పని చెప్పి ముగిస్తం. ఆ బిడ్డ కాగితం మళ్లీ తీసినం. పైకి పోయిన అంకెను మార్చే అధికారం మాకు లేదు. కానీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు మాటలకూ మూడు రైట్లు కొట్టి, "నువ్వు రాసింది తప్పు కాదు బిడ్డా, దిద్దింది మేం తప్పు" అని ఆమె మాటలోనే చెప్పినం. తర్వాత బాటి పక్కన 'రొట్టె' అని రాసి చూపించినం. ఆమె చూసి, కిందనే మళ్లీ రాసింది. ట వత్తు కొంచెం వంకర పోయింది. రేపు సరి చేస్తం.